అమ్మ పిలిచిన పేరు

ఆస్పత్రి వరండా చివర హైమవతి తడి జుట్టు ఆరబెట్టుకుంటూ నిలబడి ఉంది, కాత్యాయని అటు నడుస్తుంటే కాళ్ళ కింద గచ్చు మెత్తబడి ఇసుకవుతోంది, కాకినాడ బీచి ఇసుక, అయినా ఫినాయిలు వాసన మాత్రం పోవడం లేదు. తన కవల హైమ పోయి ఏడాది దాటిందని కాత్యాయనికి తెలుసు. తెలిసీ, ఆ తలలో తెల్లవెంట్రుకలు ఎన్ని ఉన్నాయా అనే చూస్తోంది.

"నీకేమే, పోయేదాకా అందరి పేర్లూ గుర్తే," అంటుంది కాత్యాయని, పలకరింపైనా లేకుండా. "ఒకే పోలిక మనది. మతిమరుపు తెచ్చే జన్యువు నాలో ఉంటే నీలోనూ ఉన్నట్టేనన్నాడు డాక్టరు. మరి నీ జోలికి రాలేదేం?"

"ఉన్నంత మాత్రాన వచ్చి తీరాలని లేదుగా."

"అదీ చెప్పాడు. ఒంటికి వేరే వయసుంటుందట. బీపీ, షుగరు, నిద్రలేమి కలిసి నా ఒంటిని ఉన్న వయసుకి మించి ముసలిది చేశాయట, అలాంటి ఒంట్లో ఆ జన్యువు కూడా ఉంటే ముప్పు ఇంకా ఎక్కువట. ఆ నిద్ర ఎవరికోసం మానుకున్నానే? అమ్మకి మతి తప్పిన ఆ ఏళ్ళన్నీ దగ్గరుండి చూసుకుంది నేను. నువ్వు ఆదివారాలు వచ్చిపోయేదానివి. అయినా నేను ముద్ద కలిపి పెడితే, 'హైమా' అంటూ నోరు తెరిచేది."

వరండా ఇప్పుడు అమ్మ గది అయింది, ఖాళీ మంచం చుట్టూ సముద్రపు నీళ్ళు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి, హైమ ఆ మంచం మీదే కూర్చుని జుట్టు ముడి వేసుకుంటోంది.

"ఆదివారాలు నువ్వటు స్నానానికి వెళ్ళగానే నన్నేమని పిలిచేదో తెలుసా? 'కాత్యా, నా దగ్గరే ఉండవే' అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది."

"నేను హైమనని చెప్పలేకపోయావా?"

"మొదట్లో చెప్పాను. బెంబేలుపడిపోయేది. ఇక తర్వాత్తర్వాత, 'ఆఁ, అమ్మా' అనేదాన్ని."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు గెలిచినట్టేగా," అంటుంది హైమ. అప్పటికే నీళ్ళు మంచం మీదికి వచ్చేశాయి, ఆ ముఖం ఎవరిదో పోల్చుకోవడం కష్టమవుతోంది.

మెలకువ వచ్చేసరికి సాయంత్రపు ఎండ కాళ్ళ మీద పడుతోంది. కూతురు భార్గవి పక్కనే కూర్చుని దుప్పటి సర్దుతోంది.

"హైమా, కాసేపు ఉండవే," అంది కాత్యాయని.

భార్గవి చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఆఁ," అంది, "ఉంటాను."