నవీన మానేసిన మాత్ర

అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్‌లో నవీన జావా చెబుతుంది. ఆరేళ్లుగా మూర్ఛకు మాత్రలు వాడుతోంది. ఆ సంగతి భర్త మహిపాల్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఒకరోజు అరవై మంది ముందు, రోజూ చెప్పే మాటే నోటికి రాలేదు. బోర్డు మీద చెయ్యి ఆగిపోయింది. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. రెండు నెలలుగా ఇదే వరస. పొయ్యి మీద పాలు మరిచిపోవడం, చెప్పిన పాఠమే మళ్లీ చెప్పడం. మాత్రలే తన బుర్రను తినేస్తున్నాయనుకుంది. ఎవరినీ అడగకుండా పొద్దుటి మాత్ర మానేసింది.

మూడు రోజులు తల తేలికైనట్టే అనిపించింది. నాలుగో రోజు క్లాసు మధ్యలో రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది. ఫిట్స్ వచ్చే ముందు ఆమెకు ఆ వాసనే వస్తుంది. టేబుల్ పట్టుకోబోయింది, అంతే.

కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి మంచం మీదుంది. నాలుక కొరుక్కుపోయి మండుతోంది. మహిపాల్ పక్కనే ఉన్నాడు.

"పంజాగుట్ట దవాఖానల ఉన్నం, భయపడకు. సుమశ్రీని మా అక్క స్కూల్ నుంచి తోల్కొస్తది."

"సుమశ్రీ ఎవరు?" అంది నవీన.

మహిపాల్ ముఖం పాలిపోయింది. "మన బిడ్డనే," అన్నాడు మెల్లగా.

నవీన ఎంత వెతుక్కున్నా ముఖం దొరకలేదు. ఇక ఎప్పటికీ దొరకదేమో! అరగంట తర్వాత పన్ను ఊడిన నవ్వొకటి కళ్ల ముందుకొచ్చింది. దాని వెంటే పిల్ల మొత్తం గుర్తొచ్చింది. అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

మాత్ర మానేసిన సంగతి డాక్టరమ్మకు తలదించుకుని చెప్పింది.

"మతిమరుపు మందు వల్ల రావచ్చు, మూర్ఛ వల్లా రావచ్చు. నిద్రలో వచ్చే ఫిట్స్ మీకు తెలియవు కూడా. మందు మెల్లగా మారుద్దాం. మీ అంతట మీరు ఆపితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది," అందామె.

మందు మారింది. వారానికి సరిపడా మాత్రల గళ్ల డబ్బా, ఫోన్‌లో అలారం, పాఠానికో చీటీ, వేళకు నిద్ర. రెండు నెలలకు మాటలు కాస్త త్వరగా అందసాగాయి. భయం మాత్రం పోలేదు. రోజూ లేవగానే బిడ్డ పేరు పెదాల మీద ఓసారి అనుకునేది.

తిరిగి పనిలో చేరిన రోజు ఓనరు జోగారావు గదిలోకి పిలిచాడు. ఉద్యోగం పోయిందనే అనుకుంది.

"పిల్లలు బాగా బెదిరిపోయారమ్మా. మళ్లీ వస్తే ఏం చెయ్యాలో మాకూ చెప్పండి. పొద్దున ఆరింటి బ్యాచ్ మీకు తీసేస్తున్నాను, మీకు నిద్ర ఉండాలిగా."

నవీన క్లాసులోకి వెళ్లింది. అరవై జతల కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

"నాకు మూర్ఛ ఉన్నది," అంది. "మళ్ల పడిపోతే పక్కకు ఒరిగించుర్రి. నోట్ల ఏం పెట్టకుర్రి, చేతిల తాళాలు సుత వద్దు. టైం చూడుర్రి. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలువుర్రి."

ముందు బెంచీలోని అమ్మాయి నోట్సు తెరిచి రాసుకోవడం మొదలుపెట్టింది.