బటన్ల పేజీ చాలు

“విమానం ఎక్కే యోగం ఎలాగూ లేదు, దాని పుస్తకమైనా చదువుకోనీలే పాపం,” అంది అత్తగారు, ఆరిన బట్టల కుప్పను కోడలి ముందుకు తోస్తూ. ఎదుటివాళ్లకు వినపడేలా తనలో తాను మాట్లాడుకోవడంలో ఆవిడ ఘటికురాలు. కోడలు దుప్పటి అంచులు కలిపి మడత పెట్టింది గానీ, కళ్లు మాత్రం మోకాలి మీది కాగితాల మీదే ఉన్నాయి. అవి ఓ పాతకాలపు ప్రయాణికుల విమానం నడిపే తీరు చెప్పే పుస్తకంలోవి. వాన పడితే ఆ విమానం ముందు అద్దం సందుల్లోంచి పైలట్ల ఒళ్లోకి నీళ్లు కారేవట. “నీళ్లు ఆపడం కన్నా పైలట్లకు రెయిన్‌కోట్లు కొనివ్వడమే చవకని కంపెనీ తేల్చింది,” అని రాశాడు, ఆ మాన్యువల్ రాసిన మహానుభావుడెవరో. ఆమె ఫక్కున నవ్వింది. నవ్వెందుకో అత్తగారు అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

భర్తకు విమానాల పిచ్చి. నిజం విమానాలు కావు, కంప్యూటర్లోవి. వాటిని ఆట అంటే ఆయనకు ముక్కు మీద కోపం, సిమ్యులేటర్ అనాలి. ఇంట్లో ఉన్న చిన్న గది మొత్తం దానికే పోయింది. వరసగా తెరలు, చేతికో స్టీరింగు, కాళ్ల కింద పెడళ్లు, పళ్ల డాక్టరు దగ్గరుండేంత కుర్చీ. తలుపు వేసుకున్నాక గ్యాసు బండ వచ్చినా, తల్లి బీపీ మాత్రలు అయిపోయినా లోపలినుంచి ఒకటే కేక, “గాల్లో ఉన్నా, తర్వాత!” నేల మీద పనులన్నీ సహజంగానే నేల మీదున్న మనిషి నెత్తిన పడేవి. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడవకముందే ఆమెకు అవి ఎదురొచ్చేవి.

ఆయన కొన్న ప్రతి విమానంతోనూ లావుపాటి మాన్యువల్ ఒకటి కంప్యూటర్ ఫైలుగా వస్తుంది. ఏనాడూ తెరిచిన పాపాన పోలేదు. ఒకసారి ఫోన్ చేసి, “మాన్యువల్ నీకు పంపించా, మీ ఆఫీసులో ప్రింటు తీసుకురా. అంతా అక్కర్లేదు, బటన్ల పేజీ చాలు,” అన్నాడు. ఆ హడావుడిలో ఆమె బటన్ల పేజీకి బదులు మొదటి అధ్యాయం మొత్తం ప్రింటు కొట్టింది. బస్సులో తీసి చూస్తే అది విమానం పుట్టుపూర్వోత్తరాలు. “ఈ మీటను పైలట్ చేతికి అందనంత దూరాన ఎందుకు పెట్టారో ఎక్కడా రాసి లేదు. పెట్టినవాడు ఎన్నడూ విమానం నడపలేదని మాత్రం తెలుస్తోంది.” ఆమెకు తన వంటింటి అటక గుర్తొచ్చింది. స్టూలెక్కి మునివేళ్ల మీద నిలబడ్డా అందని ఆ అటకను కట్టినవాడు జన్మలో గరిట పట్టి ఉండడు. నవ్వుకుంటూ నవ్వుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఇంటికెళ్తే ఆయన కాగితాలు తిరగేసి, “అడిగిందేమిటి, తెచ్చిందేమిటి? నీకొక్క పని చెబితే...” అని మిగతాది ఆమెకే వదిలేశాడు. ఆ కాగితాలు చెత్తబుట్టలోకి పోకుండా ఆమె సంచిలోకి పోయాయి. ఆ తర్వాత మిగతా విమానాల మాన్యువళ్లు కూడా ఒకటొకటిగా ప్రింటు తీసుకుని అన్నీ చదివింది.

అందులో అంత రుచేముందంటే ఆమెకు బాగా తెలుసు. ఆమె ఉద్యోగమే అది. కుక్కర్లు, మిక్సీలు చేసే కంపెనీలో వాటి పెట్టెల్లో పెట్టే పుస్తకాలు రాస్తుంది. ఒకసారి కుక్కరు పుస్తకంలో, “మూత రాకపోతే బలవంతం చేయకండి. అది మీ మీద అలిగి కూర్చోలేదు, లోపల ఇంకా ఆవిరి ఉంది,” అని రాసింది. పైఅధికారి ఎర్ర సిరాతో కొట్టేశాడు. “ఇవన్నీ ఎవరు చదువుతారండీ? బొమ్మ వేసి బాణం గుర్తు పెట్టండి, చాలు.” ఆమె బొమ్మే వేసింది. అందుకే ఈ విమానం పుస్తకాలంటే ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఎవరూ చదవరని తెలిసి కూడా ఒక మనిషి ఎక్కడో కూర్చుని, ముసలి పైలట్లను వెతికి పట్టుకుని, మెకానిక్కుల తిట్లు కూడా వదలకుండా, ఒక్కో మీట వెనక ఉన్న మనుషులను ఇంత ప్రేమగా రాశాడు. ఎర్ర సిరా తగలని వాక్యం ఎంత హాయిగా ఊపిరి పీలుస్తుందో ఆమె అక్కడే చూసింది.

ఆ ఆదివారం చిన్న గది తలుపు తెరిచే ఉంది. భర్తా, ఆయన మిత్రులూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆ పాతకాలపు ప్రయాణికుల విమానాలనే కలిసి ఎగరేయాలని పందెం వేసుకున్నారు. ఒక్కరి ఇంజనూ రాజుకోలేదు. స్పీకర్లోంచి అందరి గొడవా వంటింటిదాకా వినిపిస్తోంది. అత్తగారు హాల్లోంచే కేకేసింది. “నీ పెళ్లాం దాని పుస్తకమంతా నమిలి మింగింది కదరా, దాన్నడుగు!”

భర్త పకపకా నవ్వాడు. “విన్నార్రా? మా ఇంట్లో ఏది ఎక్కడుందో, ఎలా పనిచేస్తుందో అన్నీ ఆవిడకే తెలుసు. మా ఇంటి మాన్యువల్, మాన్యువల్ చదువుతోంది!”

స్పీకరంతా నవ్వులు. “వదినగారూ, ఇక మీరే మాకు దిక్కు,” అందొక గొంతు.

ఆయనే స్వయంగా స్టూలు తెచ్చి కుర్చీ పక్కన వేశాడు. “రా, నా పక్కన కూర్చో. నువ్వు చెబుతూ ఉండు, నేను నడుపుతా.”

ఆమెకు సంతోషమేసింది. ఉన్నమాటే చెప్పుకోవాలి. పక్కన కూర్చోమని ఆయన పిలిచి ఎన్నాళ్లయిందో. తను ఇష్టపడ్డదాన్ని ఎవరైనా వింటామనడం ఇంకా ఎన్నాళ్లకో. తడి చేతులు తుడుచుకుని కాగితాలు పట్టుకొచ్చి కూర్చుంది. గొంతు సవరించుకుంది.

“ఇంజను కంటే ముందు కిందికి దిగి, తోక దగ్గరున్న చుక్కాని చూడాలట. అది రేకు కాదు, గుడ్డ. చేత్తో తడిమి చూడాలి. ఎందుకంటే దాన్ని కుట్టింది...”

“అది వదిలెయ్. ఏం నొక్కాలి?”

“చెబుతున్నా కదా. చట్రం మీద గుడ్డ తొడిగి కుట్టింది కార్ఖానాలో ఆడవాళ్లట...”

“కథలు చెప్పకు! బటన్ చెప్పు, చాలు.”

ఎంత పాత మాట అది! బడి నుంచి ఆలస్యంగా వస్తే తండ్రి అన్నాడు, వాన పట్టుకుంది నాన్నా అంటే, కథలు చెప్పకు. పెళ్లయిన కొత్తలో ఒళ్లు కాలిపోతోందంటే అత్తగారు అంది, నలుగురూ భోజనానికి వచ్చే వేళకే నీకు జ్వరమొస్తుంది, కథలు చెప్పకు. నడుము పట్టేసిందంటే ఈయనా అదే అన్నాడు, పత్రికలోంచి తలెత్తకుండా. కుక్కరు పుస్తకం మీద రాసినవాళ్ల పేరు వేస్తే బాగుంటుందేమోనంటే, ఆఫీసులో కాస్త మర్యాదగా, కథలు చెప్పకండి, ముందు పని కానివ్వండి. ఆమె చెప్పింది ఎప్పుడూ నిజమే. వాళ్లకు పనికొచ్చే ముక్క తెగ్గొట్టుకున్నాక మిగిలిన ఆమె మొత్తం వాళ్లకు కథే. తన వాన, తన జ్వరం, తన నడుము, తన పేరు, అన్నీ. వాళ్లకు తను కూడా బటన్ల పేజీ అయితే చాలు. సిగ్గుగా అనిపించింది మొదట, పిలవగానే పరుగున వచ్చి కూర్చున్నందుకు. ఆ సిగ్గు కాసేపే. తర్వాత ఒళ్లంతా వేడెక్కింది.

ఆమె స్టూలు మీద నుంచి లేచింది.

“ఎక్కడికి? అందరూ వింటున్నారు,” అన్నాడు భర్త గొంతు తగ్గించి.

“మంచిది, విననివ్వండి.” ఆమె ఆయన ముందున్న మైకును తన వైపు తిప్పుకుంది. నిలబడే చదివింది, తొందరపడకుండా, బడిపిల్ల పాఠం చదివినట్టు పెద్ద గొంతుతో. “ముడి వేసిన తీరును బట్టి ఏ కుట్టు ఎవరిదో పక్క బల్ల దగ్గరామె చెప్పగలిగేది. పైన రంగు పూశాక ముడులు కనిపించవు. విమానం గీసినవారి పేర్లు కార్ఖానా రికార్డుల్లో ఉన్నాయి, కుట్టినవారివి లేవు. మీరు పైకి లేచాక విమానం మీరు చెప్పిన వైపు తిరిగిందంటే, ఆ ముడులు ఇంకా పట్టి ఉన్నాయని అర్థం.”

స్పీకర్లో ఎవరో దగ్గారు. హాల్లోంచి అత్తగారు తలుపు దాకా వచ్చి నిలబడింది.

“అయిందా?” అన్నాడు భర్త, మొహం కందిపోయి. “మరి ఇంజనెలా స్టార్టవుతుంది?”

“మాన్యువల్ మీ కంప్యూటర్లోనే ఉంది. చదువుకోండి.”

“మొగుడు ఇష్టంగా పక్కన కూర్చోబెట్టుకుంటే ఇదేం పెడసరమే?” అంది అత్తగారు.

“పక్కన కూర్చోడానికి నాకేం అభ్యంతరం లేదత్తయ్యా. బటన్‌లా కూర్చోలేను.”

భర్త మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. “సరే. అంత పుస్తకం చదివావు. విమానం నడపవు, నడిపేవాడికి చెప్పవు. మరి ఎవరికి ఉపయోగం అది?”

ఆమె కాగితాల అంచులు సరిచేసుకుంది.

“ఎవరికీ లేదండీ. పొద్దున లేచింది మొదలు నేను చేసేవన్నీ మీకు ఉపయోగపడేవే, అందుకే అవన్నీ మీవైపోయాయి. ఇదొక్కటే ఎవరికీ ఉపయోగపడదు. ఇది నాది.”