యాభై మూడో రోజు

ఫోన్‌లో మీటింగ్‌ని మ్యూట్‌లో పెట్టి అల్లం దంచుతోంది తబిత. పన్నెండు మందికి చాయ్. చెవిలో హైదరాబాదు మేనేజరు రిలీజు తేదీ గురించి నస పెడుతున్నాడు. వాకిట్లో అత్తగారు ఆరోగ్యమ్మ చాపలు దులుపుతోంది. జూలూరుపాడులో ప్రతి గురువారం ఎవరో ఒకరింట్లో ఆడవాళ్ల ప్రార్థన కూడిక జరుగుతుంది. ఇవాళ వీళ్లింట్లో.

"జల్దీ కానీ బిడ్డా..." అని కేకేసి, వెంటనే నాలిక కరుచుకుంది ఆరోగ్యమ్మ. "వద్దొద్దు, నువ్వు మెల్లగనే చెయ్. ఆ బిందె లేపకు. పుల్లమ్మ వచ్చినంక లేపుతది."

పెళ్లై మూడేళ్లు. ఈ మూడేళ్లలో ఆ బిందెను తబిత తప్ప ఇంకెవరూ లేపిన పాపాన పోలేదు. వారం రోజులుగా మాత్రం ఆమె గాజుసామాను. తబితకి కడుపని వీధి వీధంతా తెలుసు. తెలియంది ఒక్క ఆ కడుపుకే.

అసలు సంగతి చాలా మామూలుది. తబితకి పీసీఓఎస్ ఉంది. ఖమ్మంలో డాక్టరమ్మ స్కాన్ తెర మీద చూపించింది. అండాశయం అంచు పొడుగునా దండ గుచ్చినట్టు నల్లని చిన్న చిన్న గుండ్లు. అన్నీ మొదలుపెట్టేవే, ఒక్కటీ పూర్తిచేసేది లేదు. తన ఆఫీసులో ఇలాంటి టీములు చూసింది కాబట్టి తబితకి వెంటనే అర్థమైంది. మాత్రలు వాడిన రెండేళ్లూ నెల తారీఖు తప్పలేదు. పిల్లల కోసమని అవి ఆపగానే దాని ఇష్టం దానిది. కిందటి ముట్టు వచ్చి ఇవాళ్టికి యాభై మూడు రోజులు. ఈ ముక్క అత్తగారికి రెండుసార్లు విడమరిచి చెప్పింది.

"గింత బక్కగున్నవ్, నీకేడికెల్లి వస్తదే ఆ రోగం? అది బలిసినోళ్లకు గదా," అంది ఆరోగ్యమ్మ రెండుసార్లూ.

ఇంటర్నెట్టూ అదే మాట కాస్త మర్యాదగా చెప్పింది. బరువులో ఐదు శాతం తగ్గితే చాలట. నలభై ఆరు కిలోల మనిషి ఏ చెయ్యి తీసి పక్కన పెడితే ఐదు శాతం తగ్గుతుందో మాత్రం ఎక్కడా రాయలేదు. సన్నటివాళ్లకు కూడా వస్తుందమ్మా అంది డాక్టరమ్మ ఒక్కతే. ఆ ఒక్కమాటకి తబితకి అక్కడే ఏడుపొచ్చింది. జబ్బుందన్నందుకు ఏడుపు కాదు, నమ్మినందుకు.

నెల సరుకులతో పాటు ప్యాడ్ల ప్యాకెట్టు తెప్పించేది ఆరోగ్యమ్మే. రెండో ప్యాకెట్టు వచ్చినా మొదటిది విప్పలేదని ఆమె చూసింది. ఇంకేం అడగలేదు. కిందటి గురువారం కూడికలో లేచి నిలబడి, దేవుడు తన కోడలి గర్భం తెరిచాడని చెప్పేసింది. తబిత అప్పుడు లోపలి గదిలో క్లయింటుతో మాట్లాడుతోంది. తనకు కడుపొచ్చిన సంగతి తలుపు సందులోంచి విన్నది. స్తోత్రాలు, చప్పట్లు. "మీ దగ్గర ఏదైనా పండగా?" అని అడిగాడు క్లయింటు.

అప్పటి నుంచి భయం ఇంట్లో నాలుగో మనిషైంది. బాత్రూంలోకి వెళ్లినప్పుడల్లా ఎర్రగా కనిపిస్తుందేమోనని భయం, కనిపించకపోతే అదో భయం. కడుపు పరీక్ష స్ట్రిప్పులు మూడు వాడింది. మూడింటిలోనూ ఒకటే గీత. కొత్తగూడెం వెళ్లి రక్తం ఇచ్చింది. లేదనే వచ్చింది. అలా తేలితే ఐదు రోజులు గోలీలు వేసుకోవాలి, ముట్టు వస్తుంది, రెండో రోజుకల్లా ఖమ్మంలో ఉండాలి, అక్కడి నుంచి అండం పెరగడానికి మందు. డాక్టరమ్మ చెప్పిన దారి అంతే. గోలీల పట్టీ నాలుగు రోజులుగా ల్యాప్‌టాప్ బ్యాగులో ఉంది. ఒక్కటీ చింపలేదు.

ఎలా చింపుతుంది? వెనక వీధి పుష్పలతకి మూడో నెలలో పోయింది. ఆ వారంలోనే ఆమె స్కూటీ మీద కొత్తగూడెం వెళ్లొచ్చిందట. నాలుగేళ్లవుతున్నా ఆమె పేరు ఎత్తితే చాలు, "స్కూటీ నడిపింది గదా" అంటారు. తబిత సంగతైతే స్కూటీతో పోదు. గోలీ వేసుకుంది గదా, చేతులారా చేసుకుంది గదా అంటారు. లేని బిడ్డని చంపిన పేరు మోయాలి. ఆ బిడ్డ లేదని ఏ ల్యాబు కాగితం చూపించి నమ్మిస్తుంది, ఎవరికి?

ఇంకో భయం కూడా ఉంది, ఎవరికీ చెప్పుకోలేనిది. నిన్న బకెట్టు ఎత్తబోయి తనే ఆగిపోయింది. చెయ్యి దానంతటదే పొట్ట మీదకి పోయింది. రిపోర్టు చదివిన మనిషి, టెస్టింగే ఉద్యోగంగా బతుకుతున్న మనిషి, ఒక్క క్షణం నమ్మేసింది. ఇంకో నెల ఇలాగే గడిస్తే ఏమవుతానోనని భయం.

భర్త జయరాజ్‌కి అన్నీ చెప్పింది. అతనిది విత్తనాల దుకాణం. రైతు అనుమానపడితే వంద గింజలు తడిగుడ్డలో చుట్టిపెట్టి, ఎన్ని మొలిచాయో చూపించి మరీ అమ్ముతాడు. మీది కూడా ఒకసారి చూద్దామని డాక్టరమ్మ అంటే మాత్రం, "మా నాయినోళ్లు ఏడుగురు మేడం, నాకేమైతది?" అన్నాడు. మొన్న అన్నం తింటూ దీనికీ ఉపాయం చెప్పాడు.

"ఇప్పుడు కాదంటే అమ్మ పరువేం గావాలె? ఒక నెలాగుదాం. తర్వాత నీ గోలీలు ఏస్కో. పోయిందని చెప్దాం. అందరు పాపమంటరు, అంతే గదా."

"పోయిందని నేను మంచంల పడుకోవాల్నా?"

"రెండు రోజులు. ఆఫీసుకి లీవు పెట్టు."

ఆ రెండు రోజులు ఎలా ఉంటాయో తబిత కళ్ల ముందు కదిలింది. దుప్పటి కప్పుకుని తను. చుట్టూ ఓదార్చే ఆడవాళ్లు. పుట్టని బిడ్డ కోసం ఉపవాసం ఉన్న అత్తగారు. పప్పు కాస్త వేయమంటూ కంచం ముందుకు జరిపాడు జయరాజ్.

నాలుగింటికి ఆడవాళ్లు వచ్చారు. తునికాకు కట్టలు కట్టి నల్లబడిన వేళ్లతో పుల్లమ్మ కొంగులోంచి పుల్లమామిడి తీసింది.

"తిను పిల్లా. ముఖం గుంజుకపోయింది, మగపిల్లగాడే."

"ఏ, ఊకో పుల్లమ్మా," అంది ఆరోగ్యమ్మ. "నా కోడలు ముఖం పెండ్లినాడు గూడ గట్లనే ఉండె."

అందరూ నవ్వారు. ఆరోగ్యమ్మ అయితే కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. జయరాజ్ పుట్టడానికి ముందు తొమ్మిదేళ్లు ఆమె ఇలాంటి కూడికల్లో వెనక వరసలోనే కూర్చుందట. ఇవాళ ముందు చాప మీద కూర్చుంది. చాయ్ గ్లాసులు అందిస్తూ తబిత ఆ చాపనే చూసింది. ఆమెని అక్కడి నుంచి లేపాల్సింది తనే.

పాటైంది, వాక్యమైంది. పాస్టరమ్మ సుజాత బైబిలు మూసింది.

"తబితా, ఆదివారం మందిరంల అందరి ముందర సాక్ష్యం చెప్పాలె నువ్వు. ఇయ్యాల ఈడ నాలుగు మాటలు చెప్పు, భయం పోతది."

తబిత లేచింది. పుష్పలత చాయ్ గ్లాసు కింద పెట్టి తలెత్తి చూసింది. ఇక్కడ పన్నెండు మంది, ఆదివారం రెండొందల మంది. ఆ తర్వాత ఆ దుప్పటి.

"నాకు కడుపు రాలేదమ్మగారు," అంది.

పాస్టరమ్మ వైపే చూస్తూ చెప్పుకుపోయింది.

"మూడుసార్లు చూస్కున్న. రక్తం గూడ ఇచ్చొచ్చిన. లేదు."

"అట్లనకు బిడ్డా," అంది ఆరోగ్యమ్మ. "దిష్టి తగుల్తదని దాస్తున్నవ్ గదా? అవ్, అంతే గదా?"

అవునంటే సరిపోతుంది. అందరూ మళ్లీ నవ్వుతారు, ప్రార్థన ముగుస్తుంది, చాపలు చుట్టేస్తారు. తబిత అత్తగారి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. తలెత్తి, అందరికీ వినబడేలాగే చెప్పింది.

"ఇయ్యాల్టి నుంచి డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు ఏస్కుంటున్న. పది పదిహేను రోజులల్ల నేను ముట్టయిత. అప్పుడు మా ఇంట్ల ఎవరో పోయిండ్రని ఏడ్వనీకి మాత్రం ఎవరూ రాకుండ్రి."