లేని తీగను తెంపినవాళ్ళు

దూలయ్య ఆ మిషన్ మీద బొటనవేలు పెట్టడం పొద్దుటి నుంచి అది పదిహేడోసారి. గాజు మీద చిన్న చక్రం గిరగిరా తిరిగింది, ఆగింది, ఎర్రగా ఏదో చూపించింది. రేషన్ డీలర్ వెంకటనారాయణ మిషన్‌ను తల మీదికెత్తాడు, గుమ్మం బయటికి చేయి చాపి పట్టుకున్నాడు. చక్రం మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఎర్రబడింది.

"నెట్ లేదు తాతా. పో, రేపు రా."

"నిన్న గట్లనే అంటివి. పోయిన నెలంతా గట్లనే అంటివి."

వరుసలో వెనక నిలబడ్డ జంపక్క మిషన్ వంక చూడటం లేదు. డీలర్ తల వెనక గోడ మీదున్న పోస్టర్‌ను చూస్తోంది. "రేగులబండలో ఇంటింటికీ ఇంటర్నెట్" అని బారెడు అక్షరాలు. కింద బోసినోటితో నవ్వుతూ, బొటనవేలు పైకెత్తిన ముసలాయన బొమ్మ. ఆ ముసలాయన దూలయ్యే. ఆ వేలు ఈ వేలే. మూడు నెలలుగా గింజ బియ్యం రాల్చని కొట్టు గోడకి, ఆ బియ్యం అందని మనిషినే నవ్వించి అతికించారు. జంపక్క ఖాళీ సంచి నడుముకు చుట్టుకుని, దూలయ్య చేయి పట్టుకుని మెట్లు దింపింది. ఎండాకాలం పని తర్వాత ఆయన కాళ్ళు వాచాయి, ఇప్పటికీ తగ్గలేదు.

రేగులబండ అరవై ఇళ్ళ కోయగూడెం. పర్ణశాల రోడ్డు వదిలి అడవిలోకి తొమ్మిది కిలోమీటర్లు పోవాలి. ఫోన్లు లేక కాదు, ఇంటికొకటి ఉంది. రీచార్జి ధర ఏటేటా పెరుగుతుంది, నెల మాత్రం తరుగుతుంది. కంపెనీల పంచాంగంలో నెలంటే ఇరవై ఎనిమిది రోజులే. డబ్బు కట్టకపోతే వచ్చే ఫోను కూడా రాదు. కట్టినా, సిగ్నల్ కావాలంటే ఊరి వెనక గుట్ట ఎక్కాల్సిందే. అందుకే ప్రతి నెలా డీలర్ మిషన్ పట్టుకుని గుట్టెక్కేవాడు. ఊరంతా అతని వెనక ఎక్కి, ఇప్పచెట్టు కింద వరుసగా కూచుని వేళ్ళు పెట్టి, దిగి వచ్చి బియ్యం తెచ్చుకునేది. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. గుట్ట మీద ఎవరు మిషన్ చాపినా వేలు పెట్టడమే తప్ప ఎందుకని అడగడం వాళ్ళకు అలవాటు కాలేదు. ఆ అలవాటే వాళ్ళ కొంప ముంచింది.

కిందటి ఎండాకాలం కాంట్రాక్టర్ మురళీకృష్ణ వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి గోదావరి ఒడ్డున మిరప తోటలు కొన్న కుటుంబం. తండ్రి మిరప పండించాడు, కొడుకు కేబుళ్ళ కాంట్రాక్టులు పండిస్తున్నాడు. ఊరికి నెట్ తీగ వేస్తానని, అడవిలోకి జేసీబీ రానివ్వరు కాబట్టి చివరి కిలోమీటరున్నర కందకం చేత్తో తవ్వాలన్నాడు. గూడెం వాళ్ళూ, పక్క లంబాడీ తండా వాళ్ళూ కలిసి నలభై నాలుగు జంటలు దిగారు. ఎవరి వంతు వాళ్ళదే. చేతులు బార్లా చాపి కొలిచి, జంటకు ఇరవై బారలు. ఎవరి బారలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో రాయి పాతి పెట్టుకున్నారు. భర్త లేని జంపక్క, భార్య లేని దూలయ్య ఒక జంటయ్యారు. టేకు మొద్దు నుంచి నల్లబండ దాకా వాళ్ళ వంతు.

తవ్వాక రెండు కొసల్లోనూ నాలుగు బారల మేర తీగ పోయే నారింజ రంగు పైపు పరిచి, ఫోటోలు తీసుకుని, "వానొస్తోంది, పూడ్చేయండి" అన్నాడు మురళీకృష్ణ. "మరి నడుమ పైపో?" అని జంపక్క అడిగితే, "మిషన్ ఉందమ్మా, లంగాకి బొందు ఎక్కించినట్టు లోపల్నుంచే ఎక్కిస్తాం" అన్నాడు. చదువుకున్న మనిషి చెప్పాడు కదా అని నమ్మారు. ఆ వారమే రేషన్ రోజున డీలర్ పక్కన మరొకడు గుట్టెక్కి మరో మిషన్ చాపాడు. అందరూ రెండిట్లోనూ వేలు పెట్టి దిగారు.

ఆ రెండో మిషన్ చాపినవాడు జాషువా. దుమ్ముగూడెం కుర్రాడు, మురళీకృష్ణ దగ్గర కేబుల్ కొసలు అతికే పని. దూలయ్య ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మర్నాడే అతను ఊళ్ళోకి వచ్చాడు. పంచాయతీ గోడకు నెట్ కోసమని బిగించిన ఇనుప డబ్బాను తడిబట్టతో తుడుస్తుంటే జంపక్క వెనక నిలబడింది.

"డబ్బా తుడిస్తే నెట్ వస్తదా జాషువా?"

"రాదక్కా. సోమారం ప్రారంభం ఉంది. పెద్ద సార్లు వస్తుండ్రు."

"గుట్ట మీద నువ్వు చాపిన మిషన్ల మేం పెట్టిన వేలు ఏంది?"

జాషువా చేతిలో బట్ట ఆగిపోయింది. "గది రేషన్ మిషన్ కాదక్కా. మా ఇంటికి నెట్ వచ్చింది, మంచిగ నడుస్తున్నదని మీరు ఒప్పుకున్నట్టు. నెట్ వచ్చిన ఊరికి గుట్టతోని పనేందని, రేషన్ మిషన్‌ను కొట్టు దాటితే పనిచెయ్యకుంట బంద్ పెట్టిండ్రు."

"నీకు గప్పుడే ఎరికేనా?"

"ఎరికే."

జంపక్క అతని కాళ్ళ ముందు ఉమ్మింది. జాషువా వెనక్కి జరగలేదు. అసహ్యం అతని ఒక్కడి మీదే కాదు, తన వేలి మీద తనకే కలిగింది. తన వేలితోనే తన కంచంలో మట్టి పోయించారు.

పదిమంది కలిసి మండలాఫీసుకు పోయారు. అక్కడి సారు కంప్యూటర్ వాళ్ళ వైపు తిప్పాడు. జిల్లా పటం నిండా చుక్కలు. "ఇదిగో రేగులబండ. పచ్చ చుక్క. పచ్చగా ఉందంటే నెట్ ఉన్నట్టే."

"ఊర్ల లేదు సారూ."

"ఇందులో ఉంది కదమ్మా."

తర్వాతివాళ్ళను పిలవండన్నాడు. అయిపోయింది. మనుషుల నోటి కంటే చుక్కకే విలువ ఎక్కువ ఆ ఆఫీసులో.

ఆదివారం పొద్దున ఇప్పచెట్టు కింద అందరూ కూడారు. తండా వాళ్ళనూ పిలిచారు. కోయ మాటల్లో వాదించుకున్నారు, లంబాడీ మాటల్లో వాదించుకున్నారు, మురళీకృష్ణను తిట్టడానికి మాత్రం అందరూ తెలుగులోకి వచ్చారు.

"కలెక్టరుకు కాయితం పెడదాం," అన్నారొకరు.

"ఆయన కాడ గూడ గా చుక్కనే ఉంటది," అంది జంపక్క.

తండా నుంచి వచ్చిన మంగ్లి లేచింది. "మా తండాల గూడ గసొంటి డబ్బనే కొట్టిండ్రు. వచ్చే నెల మా బియ్యం గూడ బందైతయ్. కానీ లొల్లి జేస్తే కేసులు పెడ్తరు. మొగోళ్ళను లోపలేస్తే చేన్లెవరు చూస్తరు?"

దూలయ్య వాచిన కాళ్ళు చాపుకుని, కర్రతో నేల గీరుతూ అన్నాడు. "నా బారలు నాకెరుక. ఇరవై బారల్ల పైపు లేదు, తీగ లేదు. నేను పూడ్చిన మన్ను నేను తీస్త. దానికి కేసేంది?"

జంపక్క లేచి నిలబడింది. "మామ చెప్పిందే దారి. మనం చెప్తె ఇనరు. చూపెడదాం. వాళ్ళ సార్ల ముందట, పొద్దుగాల, ఎవరు తవ్విన బారలు వాళ్ళే తవ్వాలె. ఒక్కళ్ళు తవ్వితే దొంగలంటరు. నలభై నాలుగు జంటలు తవ్వితే ఏమంటరో సూద్దాం."

మంగ్లి వాగు వైపు చేయి చూపింది. "నా రాళ్ళు వాగు కాడ ఉన్నయ్. నేనొస్త," అని కూచుంది.

సోమవారం పంచాయతీ ముందు షామియానా, పూలదండలు, గోడంత టీవీ. జీపుల్లోంచి సార్లు దిగారు. మురళీకృష్ణ మైకు పట్టుకున్నాడు. కోట్లమంది చేతుల్లో ఫోన్లు, ఇంత చవగ్గా డేటా ఇంకే దేశంలోనూ లేదు, ఇక అడవి బిడ్డలు కూడా అరచేతిలో ప్రపంచాన్ని చూడొచ్చు అన్నాడు. నెట్ మీద మాట్లాడుతున్నట్టు టీవీలో ఎవరో పిల్ల నవ్వుతూ "హలో రేగులబండ" అంది. సార్లు చప్పట్లు కొట్టారు. పొయ్యి మీద రేషన్ బియ్యానికి ఎసరు పెట్టి మూడు నెలలైన ఊళ్ళో, చవక డేటా గురించి చప్పట్లు.

అప్పటికే దారి పొడవునా గడ్డపారల చప్పుడు మొదలైంది. ఎవరి రాయి దగ్గర వాళ్ళు నిలబడి తవ్వుతున్నారు. ఒకరు తవ్వుతుంటే ఒకరు గంపతో మట్టి ఎత్తుతున్నారు. దూలయ్య నిలబడలేక కందకం అంచున కూచుని చేతులతో మట్టి తోడుతుంటే జంపక్క పార వేసింది. వేళ్ళు దొరికాయి, ఎండ్రకాయ బొరియలు దొరికాయి. మురళీకృష్ణ మనుషులు తాగి పారేసిన సీసాలు దొరికాయి. తీగ దొరకలేదు.

సార్లు వచ్చి కందకం పక్కన నిలబడ్డారు. మురళీకృష్ణ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? మీ మంచికి చేస్తే మీ చేతులతో మీరే పాడుచేసుకుంటారా?"

"ఏం పాడు చేసినం? చూపెట్టు. జాషువా, నీ డబ్బా తెరువు."

జాషువా మురళీకృష్ణ ముఖం వైపు ఒకసారి చూశాడు. తాళం తీశాడు. డబ్బాలో ఒక్క తీగ లేదు, కుమ్మరి పురుగు కట్టిన మట్టి గూడు ఉంది. "టీవీల ఆడేది పెన్‌డ్రైవ్ సార్," అన్నాడు సార్లతో. అందరికీ వినబడేలా అన్నాడు. సార్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని జీపులెక్కారు. కందకంలోకి తొంగి చూసినవాడు ఒక్కడూ లేడు.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. జంపక్కనూ జాషువానూ వ్యాన్‌లో ఎక్కించారు. స్టేషన్‌లో ఎస్సై కాయితం చదివాడు. ప్రజల సొత్తయిన ఇంటర్నెట్ కేబుల్‌ను దురుద్దేశంతో తెంపి ధ్వంసం చేశారట.

జంపక్క బల్ల దగ్గరికి జరిగింది. "తెంపితే కొసలుంటయ్ గద సారూ. తెగిన కొసలు చూపెట్టు."

"కోర్టులో చెప్పుకో. ఇక్కడ వేలు పెట్టు."

సిరా డబ్బీ ముందుకొచ్చింది. జంపక్క తన బొటనవేలి వంక చూసుకుంది. గడ్డపార పట్టి కాయకాచిన వేలు. దాన్ని అరచేతిలోకి ముడిచి పిడికిలి బిగించింది. "ఇది ఒకసారి అబద్ధమాడింది. మల్ల ఆడదు."

కానిస్టేబుల్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. బయట అలికిడయింది. పదకొండు కిలోమీటర్లు నడిచొచ్చిన జనం గేటు దాటి వరండా ఎక్కారు. రేషన్ కొట్టు దగ్గర నిలబడే వరుసలాగే నిలబడ్డారు. అలవాటైన వరుస, తోపులాట లేదు. అందరికంటే ముందు, ఎవరో ఎడ్లబండిలో తెచ్చి దింపిన దూలయ్య.

"టేకు మొద్దు నుంచి నల్లబండ దాక ఇరవై బారలు. జంపవి, నాయి. నా పేరు రాసుకో సారూ."

"ముసలోడా, ఇంటికి పో."

"ఇంట్ల బియ్యం లేవు. రాసుకో."

ఎస్సై విసుగ్గా పేరు రాసి సిరా డబ్బీ జరిపాడు. దూలయ్య పోస్టర్‌లోని ఆ బొటనవేలును నాలుగు వేళ్ళ కిందికి ముడిచి, పిడికిలిని బల్ల మీద పెట్టాడు.

"తర్వాత ఎవరు?" అన్నాడు ఎస్సై, ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియకుండానే.

"వాగు కాడ ఇరవై బారలు," అంటూ మంగ్లి ముందుకొచ్చింది. ఆమె వెనక ఇంకా నలభై రెండు జంటలున్నాయి.