ఎవరూ చూడని గురమ్మ బొమ్మ

ధాత నామ సంవత్సరపు కరువులో నన్ను బతికించింది గురమ్మ. మార్కాపురం నుంచి నేను పాఠాలు చెప్పే యర్రగొండపాలెం బడికి నడిచిపోతూ ఆకలికి దారిలో పడిపోయాను. ఆమె అడవి అంచు గూడెం మనిషి. పిల్లలకని ఉడకబెట్టిన గడ్డలు మోదుగాకులో పెట్టి నాకిచ్చింది. తిన్నాను. తిని నేనేం చేశానో చెబుతాను, వినండి.

పట్నం పత్రికవాళ్ళు కరువు బొమ్మలు కావాలన్నారు. నాకు బొమ్మలు గీయడం వచ్చు, పేరు పిచ్చీ ఉంది. గురమ్మను గీశాను. ఆకు తీసేశాను, గడ్డలు తీసేశాను. ఖాళీ చెయ్యి చాచి అడుక్కుంటున్నట్టు గీసి పంపాను. అట్లా అయితేనే చూసినవాళ్ళ మనసు కరుగుతుందట! అక్కడి పనివాడు దాన్ని చెక్క మీద చెక్కి అచ్చు వేశాడు. నా కాగితం ఎక్కడ పారేశారో, తిరిగి రాలేదు.

అచ్చయిన పత్రికను ఊళ్ళో గంగయ్య దుకాణంలో పదిమందికీ చూపించి మురిసిపోయాను, నా మొహం మండ! వారంలోపే మాట గూడేనికి చేరింది. గురమ్మ తన అన్న ఓబన్ననూ నలుగురు పెద్దలనూ వెంటబెట్టుకుని బడికొచ్చింది.

"నేను ఎవురి ముందరా చెయ్యి చాపలేదు అయ్యవారూ," అంది. "గూడెం పరువు తీసినానంట. నన్ను పక్కన కూర్చోనియ్యరంట. నువ్వు ఇట్లనే గీసినావా?"

"లేదు. నువ్వు నాకు తిండి పెడుతున్నట్టే గీసినాను. చెక్క చెక్కినోడు మార్చినాడు," అన్నాను. నేను గీసి పంపిన కాగితమే లేదు, ఎవరు చూడొచ్చారు!

"నేను చెప్తే ఇన్నారా?" అని అన్న మీద ఎగిరింది గురమ్మ. ఓబన్న తల దించుకున్నాడు. పోతూ పోతూ నాకు దండం కూడా పెట్టాడు. ఛీ, ఆ దండం తీసుకున్నాను.

పది రోజుల తర్వాత ఆమె ఒక్కతే ముంత నిండా తేనె తెచ్చింది. ఇక నావల్ల కాలేదు.

"నేనే అట్ల గీసినాను గురమ్మా. అబద్ధం చెప్పినాను. పద, మీవాళ్ళ ముందర ఒప్పుకుంటాను," అని ఏడ్చాను.

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"వద్దు," అంది. "ఇప్పుడు నువ్వు నిజం చెప్తే, నేను తిండి పెట్టిందీ అబద్ధమేనంటారు. నా చేతిలో గడ్డలున్న బొమ్మ ఒకటి ఉన్నిందని నమ్మినాకే నన్ను కలుపుకున్నారు. అది ఉన్నిందనే చెప్పు. సచ్చేదాకా చెప్పు."

ముంత ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళయింది. ఇప్పటికీ సంతలో కనబడితే ఓబన్న కొత్తవాళ్ళను పిలిచి, "మా చెల్లెలి బొమ్మ ఉన్నదున్నట్టు గీసిన అయ్యవారు ఈయనే," అంటాడు. నేను అవునంటాను.