పోలిరాజు తెచ్చిన మాత్రలు

నా గర్భసంచి గురించి స్టాఫ్ రూమ్‌లో అందరికీ నాకంటే ఎక్కువ తెలుసు. తీయించేయమని సలహా ఇవ్వడానికి ఒక్కరూ మొహమాటపడలేదు. సంచిలో గడ్డ ఉంటే గడ్డ సంగతి చూడాలి గానీ సంచి పారేయడమేమిటని నా వాదన. నెలనెలా రక్తం పోయి బోర్డు ముందు నిలబడితే కళ్లు తిరిగేవి. అయినా వాదన వదల్లేదు.

డాక్టర్ శాంతకుమారి గారు నా వైపే మాట్లాడారు. "ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఈ గడ్డకు మేత, టీచర్ గారూ. దాన్ని పనిచేయనివ్వని మాత్ర ఉంది. చిన్న మోతాదులో మూడు నెలలు వేసుకోండి. రక్తం ఆగి, గడ్డ తగ్గితే ఆపరేషన్ అక్కర్లేకపోవచ్చు" అన్నారు. తాళం కన్నంలో ముందే పుల్ల దూర్చేస్తే తాళంచెవి పట్టదు కదా, అలాగన్నమాట. పెద్ద మోతాదులో, ఇంకో మందుతో కలిపి, గర్భం తీయడానికీ అదే వాడతారట.

"నాకా బెంగ లేదు లెండి" అన్నాను. మా ఆయన పోయి మూడేళ్లయింది. ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. అందుకే ఈ గడ్డ సంగతి ఇంట్లో మా అత్త యర్రమ్మకు చెప్పలేదు. ఆపరేషన్ అనే మాట వింటేనే ఆమె అన్నం మానేస్తుంది.

నాకు రాసిన చిన్న మోతాదు పోర్ట్‌బ్లెయిర్ దుకాణాల్లో లేదు. ఈ దీవుల్లో దొరకనిది ఏదైనా, కుక్కర్ రబ్బరైనా పెళ్లిచీరైనా, మెయిన్‌లాండ్ నుంచి వచ్చేవాళ్ల సంచుల్లో రావలసిందే. వైజాగ్ ఓడలో పనిచేసే మా మరిది వరస పోలిరాజుకు మందు చీటీ ఫోటో పంపాను. ఓడ హాడో రేవుకి వచ్చిన రోజు నేను బడిలో ఉన్నాను. అతను పొట్లం మా అత్త చేతికిచ్చి, వైజాగ్ దుకాణంవాడు 'ఎన్నో నెల?' అని అడిగిన సంగతి కూడా చెప్పి వెళ్లాడు.

సాయంత్రం డైరీ ఫార్మ్ పేటలోని మా ఇంటికొస్తే పొట్లం లేదు.

"అత్తా, మాత్రలేవి?"

"దాసీసినాను. ఇవ్వను. బస్, ఇవ్వనంటే ఇవ్వను."

నాకు ఒళ్లు మండింది. స్టాఫ్ రూమ్ మొత్తాన్ని ఎదిరించి మందు తెప్పించుకుంటే ఇంట్లోనే అడ్డు!

"కళ్లు తిరిగి గోడ పట్టుకుంతన్నావు. పొట్ట ఎత్తుగా అవుపడతంది. నాను ముసిల్దాన్ని గానీ గుడ్డిదాన్ని కాదమ్మీ" అంది.

అప్పుడు విషయం అర్థమైంది. కోపం పోయి నవ్వొచ్చింది.

"నవ్వకు. ఎవుడని నానడగను. మనువాడతానంటే నానే సేస్తాను, వద్దంటే మానీ. బిడ్డని మాత్రం తీయించకు. ఈ ఇంట్లోనే పుడతాది. ఎవుడైనా నోరెత్తితే నాను సూసుకుంటాను."

నా నవ్వు ఆగిపోయింది. కొడుకు పోయాక ఈ ఇంట్లో పసిపిల్లల మాట ఎత్తినవాళ్లు లేరు. ఈమె మాత్రం ఒక్క మధ్యాహ్నంలో వీధి వీధంతటితో దెబ్బలాటకు సిద్ధమై కూర్చుంది. ఇన్నాళ్లూ ఈమెను భయస్తురాలనుకుని గడ్డ సంగతి దాచిపెట్టినందుకు నాకు సిగ్గేసింది.

పక్కన కూర్చుని ఆమె చెయ్యి తీసుకుని నా పొట్ట మీద పెట్టాను. గడ్డ గురించి, పోతున్న రక్తం గురించి, ఈ మాత్ర దాన్ని ఎలా అదుపు చేస్తుందో అంతా చెప్పాను.

"ఆపరేషనా?" ఆమె వేళ్లు బిగుసుకున్నాయి.

"అది తప్పించడానికే ఈ మాత్రలు. నాకేం కాదు."

ఆమె చెయ్యి తీయలేదు. అలాగే ఉంచి అడిగింది.

"అయితే బిడ్డ కాదు. పక్కానా?"

"పక్కా" అన్నాను. నా జన్మలో ఇంత కష్టపడి ఏ మాటా అనలేదు.

ఆమె లేచి బియ్యం డబ్బాలోంచి పొట్లం తీసింది. గ్లాసుతో నీళ్లు తెచ్చింది. మాత్ర తనే విప్పి నా అరచేతిలో పెట్టింది.

"మింగీ" అంది. "బిడ్డ నేకపోతే పోనీ. నువ్వుండాల."