బేస్తవారం నిప్పు

ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది జములమ్మ. నంది ముందున్న బండ మీద ఎండుటాకు ఒక్కటీ లేదు. అయినా ఈతచీపురు అక్కడే తిరుగుతోంది. అక్కడ నిలబడితే కూలిన గోడ సందులోంచి పక్కనున్న దర్గా వాకిలి కనిపిస్తుంది. ఆ వాకిట్లో కాశింబి ముందు ఎవరు తల వంచుతున్నారో కూడా కనిపిస్తుంది.

ధరూర్ వైపు నుంచి ఆటో ఒకటి వచ్చి శివాలయం ముందే ఆగింది. శివుడి మీద భక్తితో కాదు, అక్కడ నీడ ఉంది గనక. చంకల్లో పిల్లలతో ఆడవాళ్ళు దిగారు. గుడికేసి ఒక దండం విసిరి, గబగబా దర్గాలోకి నడిచారు.

"చెప్పులు గీడ ఇడ్వొద్దు. ఇప్పుడే ఊడ్సిన," అంది జములమ్మ.

వాళ్ళు చెప్పులు గుడి ముందు నుంచి తీసి దర్గా ముందు విడిచారు. జములమ్మకు అది ఇంకా మండింది.

అరవై దగ్గర పడిన మనిషి. వంగి ఊడ్చీ ఊడ్చీ నడుము ఆ వంపులోనే స్థిరపడింది. వెండి కడియం కిందికి జారకుండా ముంజేతికి దారం చుట్టుకుంటుంది. అరచేతులు ఎండిన చెరువులా పగిలి ఉంటాయి. ఆమె గుడి ఊడుస్తుంది, కాశింబి దర్గా ఊడుస్తుంది. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఇద్దరూ కలిసి పెబ్బేరు సంతకు పోయి ఒకే కట్టలోంచి చీపుర్లు తెచ్చుకునేవాళ్ళు. ఎవరి చీపురు ముందు అరిగితే వాళ్ళు ఎక్కువ పని చేసినట్టు. జములమ్మదే ముందు అరిగేది.

ఆ తర్వాత దర్గా చూసుకునే ముజావరు కాపురం రాయచూరుకు మార్చాడు. ఏడాదికోసారి జరిగే ఉర్సుకు తప్ప రాడు. పోతూ పోతూ నెమలీకల కట్టను మేకుకు తగిలించి పోయాడు. ఒకనాడు గుక్కపట్టి ఏడుస్తున్న పసిబిడ్డ మీద కాశింబి ఆ కట్టను ఆడించి, నోట్లో ఏదో గొణిగి, మొహాన ఉఫ్ అని ఊదింది. బిడ్డ నిద్రపోయింది. తల్లి పాలు తాగిన బిడ్డ నిద్రపోక పంచాయితీ చేస్తుందా అని జములమ్మ వాదన. ఆ వాదన ఎవరూ వినలేదు. చీపురు పట్టిన చేతికి ఈకలు మొలిచాయి. కాశింబికి బెల్లం కలిపిన మలీద ముద్దలు, కొబ్బరి చిప్పలు, కాళ్ళకు దండాలు. జములమ్మకు మాత్రం, "అవ్వా, జర పక్కకు జరుగు, సామి కనవడ్తలేడు."

గుడికీ దర్గాకూ మధ్య ఉన్న తగువు వీళ్ళిద్దరితో మొదలైంది కాదు. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న ఈ నడిగడ్డ మీదికి ఒకసారి సుల్తాను సైన్యం, ఒకసారి రాయల సైన్యం వచ్చిపోతూ ఉండే కాలంలో ఇక్కడొక జంగమయ్య, ఒక ఫకీరు ఉండేవాళ్ళట. సుల్తాను సైన్యం వచ్చినప్పుడు ఫకీరు జంగమయ్యను తన చాదరు కింద దాచాడు. రాయల సైన్యం వచ్చినప్పుడు జంగమయ్య ఫకీరును గర్భగుడిలో దాచాడు. దాక్కున్నవాడు తిరిగి వచ్చేసరికి అతని దీపం ఆరిపోయి ఉండేది. దాచినవాడు తన దీపం నుంచి నిప్పు తెచ్చి వెలిగించేవాడు. ఇంతవరకూ అందరికీ ఒప్పుదలే. ఏ సైన్యం ముందొచ్చిందన్న దగ్గరే పేచీ. ముందు ఎవరు ఎవరిని కాపాడారో తేలితే, ఎవరు ఎవరికి రుణపడ్డారో తేలుతుంది. ఇన్ని వందల ఏళ్ళయినా తేలలేదు.

అందుకే బేస్తవారం సాయంత్రం గుడి నిప్పు దర్గాకు పోతుంది, సోమవారం దర్గా నిప్పు గుడికి వస్తుంది. మట్టి మూకుట్లో, బూడిద మీద నాలుగు బొగ్గులు. ఆ పూట దీపం ఆ నిప్పుతోనే వెలగాలి. ఇచ్చేవాళ్ళే తీసుకుపోవాలి, పుచ్చుకునేవాళ్ళు అడగకూడదు. అడిగితే రుణం ఒప్పుకున్నట్టే.

ఒక సోమవారం వానలో కాశింబి రావడం ఆలస్యమైతే జములమ్మ అగ్గిపుల్ల గీసి గుడి దీపం ముట్టించేసింది. దేవుడేమీ అనలేదు. చివరికి కాశింబి కొంగు కింద మూకుడు దాచుకుని, తడిసి ముద్దయి వచ్చింది. వెలుగుతున్న దీపాన్ని చూసింది.

"ఆరనే లేదు, పాత నిప్పే," అంది జములమ్మ.

"గట్లనా," అని కాశింబి తన బొగ్గులు నంది పక్కన పెట్టి, వణుక్కుంటూ పోయింది.

ఇవాళ మధ్యాహ్నం కోడలు పద్మజ జొన్నరొట్టె, పల్లీల తొక్కు తెచ్చింది. చంకలో మనుమరాలు శ్రీజ. పిల్ల మెడలో నల్లదారం, దానికి ముడేసిన నెమలీక పోగు.

జములమ్మ చేతిలో రొట్టె ఆగిపోయింది. "గిదేంది?"

"మంగళారం జెరమొచ్చె గదత్తా. కాశింబత్త తోటి ఊదిపిచ్చిన. తగ్గింది."

"దవాఖానల మందు పొయ్యలే?"

"అది గూడ పోసిన్రు."

"మరి మందు తగ్గిచ్చిందా, ఈక తగ్గిచ్చిందా?"

"ఏదో ఒకటి తగ్గిచ్చింది. నీకు గెల్సిందెవరో గావాల్నా, పిల్ల గావాల్నా?"

"ఊదనీకె నేను లేనా ఇంట్ల?"

"నువ్వు పొయ్యి ఊదుతవత్తా," అంది పద్మజ నవ్వుతూ. ఆమె హాస్యానికే అంది. కానీ ఆ మాటకు తొక్కులో లేని కారం వచ్చింది. జములమ్మ రొట్టె మడిచి పక్కన పెట్టింది.

ఈ బేస్తవారం నిప్పు పోదు. నెమలీకలున్న మహారాణిని గోడ దాటి రానీ, నోరు తెరిచి అడగనీ.

పొద్దు వాలుతుండగా కాశింబి గోడ సందు దగ్గరికి వచ్చింది. బక్కపలచని మనిషి, పై పళ్ళు లేవు. గోడ పట్టుకుని కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"జములా, ఈయాల బేస్తారం."

"మా ఇంట్ల క్యాలెండరుంది."

"ఉంటే మంచిదే. పాపకు జెరం తగ్గిందా?"

"నా మనుమరాలి సంగతి నాకెరుకే."

"ఎరుకుంటే మంచిదే," అని నవ్వింది కాశింబి. వెనక్కి పోయి గడప దగ్గర కూర్చుని, అరచేత్తో రొమ్ము రుద్దుకోసాగింది. మలీద అరగలేదు కాబోలు అనుకుంది జములమ్మ. తినేవాళ్ళకు గదా అరక్కపోవడం.

పూజారి స్కూటరు మీద వచ్చాడు, హారతి ఇచ్చాడు, మళ్ళీ స్కూటరెక్కాడు. "నిప్పు పోలేదా జములమ్మా?"

"పోతది సామీ. దానికేమన్న బస్సు పోతదా?"

ఊళ్ళోని మసీదు నుంచి అజా వినిపించింది. ఈ పాటికి దర్గాలో దీపం ఉండాలి. లేదు. పిల్లల తల్లులు చీకట్లో కాస్త కూర్చుని చివరి ఆటోకు పోయారు. ఊదుబత్తి వాసన మాత్రం గాలికి వచ్చింది. మనిషి అక్కడే ఉంది, అయినా అడగదు. ఎంత పొగరు.

మూకుడు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది జములమ్మ. బొగ్గులు తెల్లబడుతున్నాయి. వాటి మీద బూడిద కప్పింది. జాలితో కాదు. కాశింబి వచ్చి అడిగే సమయానికి ఇవ్వడానికి ఏమన్నా ఉండాలి కదా. కాశింబి రాలేదు. చివరికి తిట్టడానికే లేచింది. చెయ్యి ఊపుకుంటూ పోయి కూడా తిట్టవచ్చు, అయినా మూకుడు పట్టుకునే గోడ దాటింది.

కాశింబి గడపకు ఆనుకుని, గోడ సందు వైపే మొహం పెట్టి కూర్చుని ఉంది. నెమలీకల కట్ట ఒళ్ళో ఉంది.

"ఏమే, అడగనీకె నోరు రాలేదా?"

జములమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది.

"నిన్నే. కాశీ."

భుజం మీద చెయ్యి వేసింది. భుజం బరువుగా ఒరిగి జములమ్మ మోకాలికి తగిలింది. నోటి దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది. ఊళ్ళోని పిల్లలందరి మీదా ఊదిన ఊపిరి అక్కడ లేదు.

అరవాలి, ఊరిని పిలవాలి. జములమ్మ ఆ రెండూ చేసింది గానీ, కాసేపటి తర్వాత. ముందు ఆ తలను గడపకు ఆనించి, కొంగు సర్ది, మూకుడు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బూడిద తోసింది. అడుగున ఒక్క బొగ్గుకే గింజంత ఎరుపు మిగిలింది. ఊదింది. ఎరుపు తగ్గి మళ్ళీ పెరిగింది. కళ్ళలో బూడిద పడుతున్నా ఊదింది. కోడలు చెప్పినట్టు పొయ్యి ఊదే ఊపిరి, అంతకు మించి ఏమీ కాదు. బొగ్గుకు ఆనించిన చీపురుపుల్ల అంటుకుంది.

దర్గా దీపంలో నూనె పోసి ఉంది. వత్తి సరిచేసి, కొస నూనెలో ముంచి, నిటారుగా నిలబెట్టి ఉంది. ముట్టించడమే తరువాయి. జములమ్మ ముట్టించింది.

వెలుతురు పడ్డాక, చివరిదాకా కాలి బూడిదైన ఊదుబత్తులు కనిపించాయి. కాల్చిన అగ్గిపుల్ల ఒకటి కనిపించింది. దీపానికి జానెడు దూరంలో, మూత సగం తెరిచి, నిండా పుల్లలతో అగ్గిపెట్టె.